గాటు పెట్టిన సొరకాయ

ఆ సందులో ఏ ఇంటి వంటగదిలో సొరకాయ కనిపించినా దాని తొడిమ కింద చిన్న గాటు ఉంటుంది. గాటు మీద బూడిద అద్ది ఉంటుంది. ఆ కాయ పెద్దమ్మ పెరట్లో కాసిందనీ, ఇచ్చే ముందు పెద్దమ్మ అక్కడ వేలిగోరంత ముక్క కోసి, నమిలి, చేదు చూసిందనీ దానికి అర్థం. బూడిద ఎందుకంటే, కోసిన చోట కుళ్ళు పట్టకుండా. గాటు ఉన్న కాయని మళ్ళీ చూసే అలవాటు సందులో ఎవరికీ లేదు. తొక్క తీయడం, తరగడం, పొయ్యి మీద పడెయ్యడం. అలా ఆవిడకి గాటు పెద్దమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. సొంత పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. కట్టుకున్న మనిషి, రిటైరైన బస్సు డ్రైవరు, పెళ్ళైన నాటి నుంచీ 'ఇదిగో' అనే పిలుస్తున్నాడు.

ఆ నాలుక అంత నాలుక మరి. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో అత్తగారు కూర గిన్నె ముందు పెట్టి, ఇందులో ఏం తక్కువైందో చెప్పమంది. "తక్కువేం లేదత్తయ్యా, ఎక్కువైంది. దోసకాయల్లో ఒకటి చేదుది పడింది," అంది కొత్త కోడలు. అత్తగారు నమ్మలేదు. పారేసిన తొక్కలన్నీ ఏరి ఒక్కొక్కటే నాలిక్కి రాసుకుని చూస్తే, ఒకటి నిజంగానే చేదు. ఆ సాయంత్రమే వంటింటి తాళాలు చేతులు మారాయి. తర్వాత్తర్వాత వంకాయ ముక్క నోట్లో వేసుకుని "దీనికి నీళ్ళెక్కువ పెట్టారు" అని చెప్పేది. టమాటా కొరికి "మిట్టమధ్యాహ్నం కోశారు, పొద్దున్నే కోయాల్సింది" అనేది. ఇందులో ఎంత నిజమో, ఎన్ని సొరకాయ కోతలో ఎవరూ తేల్చలేదు గానీ, ఎదురు చెప్పినవాళ్ళు మాత్రం లేరు. ఎదురు చెబితే ఊరుకునే మనిషి కాదు.

ఇప్పుడు ఆ నాలుక చచ్చిపోయింది. ఆ సంగతి ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

చలికాలంలో వచ్చిన జ్వరం చేసిన పని అది. మంచం దిగిన రోజు టీ తాగితే వేడినీళ్ళు తాగినట్టుంది. ఇంకో చెంచా పంచదార వేసుకుంది. అయినా వేడినీళ్ళే. జ్వరం నోరు కదా, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకుంది. సర్దుకోలేదు. పచ్చిమిరపకాయ కొరికితే మంట తెలుస్తోంది గానీ మిరపకాయ తెలియడం లేదు. ఉల్లిపాయ కోస్తే కళ్ళ నీళ్ళొస్తున్నాయి, వాసన రావడం లేదు. డాక్టరుకి కూడా చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? వంటింట్లో, పెరట్లో, సందులో తనకున్న పెత్తనమంతా ఆ కండముక్క మీదే నిలబడి ఉంది. అందుకని తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా తిరిగింది.

వంటకి చేతి కొలతని నమ్ముకుంది. అలవాటైన పిడికిలి, అలవాటైన మూడు వేళ్ళు. కానీ నాలుక సాక్ష్యం చెప్పకపోతే చెయ్యి ఎంత సేపని నిలబడుతుంది? ఉప్పు వేశానా, వెయ్యలేదా అని మధ్యలో అనుమానం వచ్చేది. అనుమానం తీర్చుకోవడానికి ఇంకాస్త వేసేది. వడ్డించాక మొగుడి మొహం చూసేది. అదేమో బతుకంతా స్టీరింగు వెనక కూర్చున్న మొహం. గుంత వచ్చినా గుట్ట వచ్చినా ఒకేలా ఉంటుంది. మంచినీళ్ళు మాత్రం ఎక్కువ తాగుతున్నాడు. ఎండలు ముదిరాయి కదా అనుకుంది.

ఇంట్లో ఇంకో నాలుక ఉంది. మేడ మీద ఉండే తోటికోడలు. జుట్టు సగం నెరిసినా ఆ ఇంటికి రెండో కోడలు కాబట్టి ఇప్పటికీ చిన్నకోడలే. పెద్దమ్మ జ్వరం నుంచి లేచిన కొత్తలో, ఒకరోజు భోజనాల దగ్గర "అక్కా, కూరలో ఉప్పు కాస్త..." అని నసిగింది. అంతే. "నా చేతి ఉప్పుకి వంక పెట్టే నాలుక ఈ ఇంట్లో ఇంకా పుట్టలేదు!" అని పెద్దమ్మ ఇంతెత్తున లేచింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. చిన్నకోడలు పళ్ళెం తీసి కడిగి బోర్లించింది. మర్నాడు మేడ మీద వేరే పొయ్యి పెట్టుకుంది. అప్పటి నుంచీ కూరగాయల కోసం మాత్రమే కిందికి దిగుతుంది, బుట్ట నింపుకుని వెళ్ళిపోతుంది.

పెరటికి మాత్రం నాలుకతో పని లేదు. మట్టి నలిపితే తడి ఎంతుందో వేళ్ళు చెబుతాయి. వంకాయ మెరుపు చూస్తే ముదిరిందో లేదో కళ్ళు చెబుతాయి. వంటింటి వెనక చీకటి గదిలో గుమ్మడికాయలు గడ్డి చుట్టల మీద కూర్చుని ఉంటాయి, ఒకదానికొకటి తగలకుండా. ఉల్లిపాయల జడలు దూలానికి వేలాడుతుంటాయి. ఎండిన సొరకాయ ఒకటి విత్తనానికని పొయ్యి పైన పొగలో ఉంటుంది. ఆ గదిలో నిలబడితే పెద్దమ్మకి ఇప్పటికీ ధైర్యంగా ఉండేది. ఏదీ పోలేదనిపించేది.

ఎరువు గుంట పక్కన ఆ ఏడు ఒక సొరపాదు తనంతట తానే మొలిచింది. ఎవరూ విత్తలేదు. తుక్కులో ఏ గింజ పడిందో, ఏ పువ్వు మీది పుప్పొడి ఏ పువ్వు మీద వాలిందో ఎవరికి తెలుసు. మొలిచిన పాదు స్నానాలగది కప్పెక్కి చకచకా అల్లుకుపోయింది. పెద్దమ్మ తల్లి అంటుండేది, విత్తకుండా మొలిచిన పాదుని పెంచుకో గానీ కాయకాయకీ నోరు పెట్టి చూడు అని. చేదు సొరకాయ తిని ఒక ఇంటి మనుషులందరూ ఆసుపత్రి పాలయ్యారని చిన్నప్పుడు ఆ తల్లే చెప్పింది. అన్నీ తెలిసిన మనిషే పెద్దమ్మ. పాదు పీకెయ్యాలని రెండుసార్లు గునపం పట్టుకెళ్ళింది కూడా. కానీ లేత పచ్చగా, నున్నగా కాయలు దిగుతుంటే చేతులు రాలేదు.

ఆ పాదు మొదటి కాపు ఆ ఉదయమే కోసింది. మూడు కాయలు. మూడింటికీ గాట్లు పెట్టింది, మూడు ముక్కలూ నమిలింది. పచ్చి నీళ్ళ చప్పిదనం తప్ప ఏమీ తగల్లేదు. మంచి సొరకాయ పచ్చిది నమిలినా అలాగే ఉంటుంది కదా అని తనకి తాను నచ్చజెప్పుకుని ముక్కలు మడిలోకి ఉమ్మేసింది. బూడిద అద్దింది. ఒకటి గోడ మీద నుంచి పక్కింటి టైలరమ్మకి అందించింది. రెండోది కండక్టరు పట్టుకెళ్ళాడు.

కండక్టరంటే డ్రైవరుతో కలిసి ఒకే బస్సులో బతుకు వెళ్ళదీసిన మనిషి. భార్య పోయాక సందు చివర ఒంటిగదిలో ఉంటున్నాడు. షుగరుకి మంచిదని ఎవరో చెబితే పొద్దున్నే పరగడుపున పచ్చి సొరకాయ రసం తాగుతాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, ఆయనకి మాత్రం డాక్టరు మాత్రల కంటే ఈ పెరటి మీదే నమ్మకం ఎక్కువ. "వదినా, నా మందేదీ?" అంటూ రోజు విడిచి రోజు గుమ్మంలో నిలబడతాడు. ఆ ఉదయం కూడా కాయని అటూ ఇటూ తిప్పి, గాటు చూసుకుని, చంకన పెట్టుకుని పోయాడు. డ్రైవరు సంచి పట్టుకుని బజారుకెళ్ళాడు.

మూడో కాయ తరగడం పెద్దమ్మ మొదలుపెట్టింది. సగం తరిగేసరికి చిన్నకోడలు బుట్టతో దిగింది. మిగిలిన సగం కాయ బుట్టలో వేసుకుంది, ఊరికే ఒక ముక్క తీసి నోట్లో పడేసుకుంది. మరుక్షణం కుళాయి దగ్గరికి పరుగెత్తి ఉమ్మేసింది. పుక్కిలించి ఉమ్మింది, మళ్ళీ పుక్కిలించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అక్కా, ఇదేం కాయ! హాలాహలం లాగుంది. చూశావా నువ్వు?"

"చూడకుండా గాటు పెడతానా?" అంది పెద్దమ్మ. ఇన్ని నెలల అలవాటు మీద ఆ మాట తడుముకోకుండా వచ్చేసింది.

"మళ్ళీ ఒకసారి చూడు."

పెద్దమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకా నమిలింది. చిన్నకోడలు రెప్ప వెయ్యకుండా ఆవిడ మొహమే చూస్తోంది. పళ్ళ కింద ముక్క నలుగుతోంది, నీరు ఊరుతోంది. అంతకు మించి ఏమీ లేదు. ఆ ముక్క అలాగే కుళాయి కింద ఉమ్మేసి, "బానే ఉంది," అంది. "నీ నోరే బాగాలేదు. పొద్దున్నే ఏ మాత్ర మింగావో ఏమో."

చిన్నకోడలు దెబ్బలాడితే బాగుండేది. దెబ్బలాడలేదు. సగం కాయని బుట్టలోంచి తీసి గట్టు మీద పెట్టింది. "నేను వండను. దండం పెడతా, నువ్వు కూడా వండకక్కా," అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పెద్దమ్మ కత్తిపీట ముందుకి తిరిగొచ్చింది. కసి కొద్దీ అందేమో అనుకుంది మొదట. కానీ కసితో మాటలు ఎన్నైనా అనొచ్చు, ఆ ఉమ్మడం మాత్రం ఎవరికీ చేతకాదు. కాయ చేదుది. మూడూ ఒకే పాదువి. ఒకటి టైలరమ్మ ఇంట్లో ఉంది. ఇంకొకటి కండక్టరు దగ్గర. ఆయన వండడు, పచ్చిది రుబ్బి గ్లాసు నిండా తాగుతాడు! పెద్దమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి మొగుడి చెప్పు తగిలించుకుని బయటపడింది.

కండక్టరు ముందు స్నానం చేస్తాడు, పేపరు చదువుతాడు, ఆ తర్వాతే మిక్సీ పెడతాడు. టైలరమ్మ ఇల్లు పక్కనే. అది ముగించుకుని పోవచ్చని లెక్క వేసుకుంది. ఉన్నమాట ఒక్కటి చెప్పి ఉంటే ఆ లెక్క సరిపోయేదే.

టైలరమ్మ కిటికీ పక్కన మిషను తొక్కుతోంది. లోపల పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది.

"అమ్మాయ్, ఇందాక ఇచ్చిన కాయ తిరిగిచ్చెయ్."

టైలరమ్మ మిషను ఆపింది. "ఇచ్చిన కాయ వెనక్కి అడుగుతారా ఎవరైనా? ఏమైంది పెద్దమ్మా?"

"అది విత్తనానికి ఉంచాలనుకున్న కాయ. చూసుకోకుండా కోసేశాను."

"లేత కాయ విత్తనానికి ఎలా పనికొస్తుంది? గోరు పెడితే దిగింది కదా?"

అబద్ధమాడితే అతికినట్టుండాలి. మొక్కల సంగతి సందందరికీ నేర్పింది తనే, ఇప్పుడా చదువు తనకే ఎదురు తిరిగింది. "అదేంటో నాకు తెలుసులే, ఇయ్యవే తల్లీ," అని గదమాయించింది.

"ఎక్కడిది ఇవ్వడానికి? పొయ్యి మీదుంది. ఉప్పు కూడా వేసేశా."

పెద్దమ్మ విసురుగా లోపలికి వెళ్ళింది. మసిగుడ్డ కోసం చూడలేదు, కొంగుతోనే మూకుడు పట్టుకుంది. పెరట్లోకి తీసుకుపోయి కూరంతా కాలవలో గుమ్మరించింది. టైలరమ్మ వెనకే పరుగెత్తుకొచ్చి నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"పెద్దమ్మా! మా పొయ్యి మీది కూర పారబోస్తావా? మా ఇంట్లో ఏం తప్పు జరిగిందని?"

"రేపు రెండు కాయలిస్తా."

"కాయలెవడికి కావాలి? ఎందుకు పారబోశావో చెప్పి కదులు!" అని టైలరమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. ఒక్క మాట చాలు, చెప్పేస్తే అడ్డు తొలుగుతుంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. "పురుగు పడింది దాన్లో," అంది పెద్దమ్మ. "పురుగు పడితే నాకు కనపడదా?" అని టైలరమ్మ. పురుగు ఎక్కడుంది, ఏ రంగుది అని అక్కడో గొడవ. చివరికి పెద్దమ్మ ఆమెని ఒక తోపు తోసి వీధిలోకి పడింది. వెనక నుంచి టైలరమ్మ అంటున్నదేదీ ఆవిడ చెవిన పడలేదు. సందు చివరి నుంచి మిక్సీ మోత వినిపించి ఆగిపోయింది.

జీవితంలో ఆవిడ అంత వేగంగా నడిచింది లేదు. రెండు చెప్పుల్లో పెద్దది జారిపోతుంటే దాన్ని మధ్యలోనే వదిలేసింది.

కండక్టరు తలుపు బార్లా తీసుంది. ఆయన కుర్చీలో కూర్చుని మూతి తుడుచుకుంటున్నాడు. బల్ల మీద ఖాళీ గ్లాసు, పక్కన జారు, అందులో ఇంకా సగం పచ్చటి రసం.

"రా వదినా. ఏంటి ఒంటి చెప్పుతో? మావాడు ఇంట్లోంచి గెంటేశాడా?" అని నవ్వాడు.

"తాగేశావా?"

"ఒక గ్లాసు అయింది. ఇవాళ్టి కాయ మహా చేదుగా ఉందిలే. ముక్కు మూసుకుని లాగించా."

"చేదుగా ఉంటే ఉమ్మెయ్యక ఎందుకు తాగావయ్యా!"

"నువ్వు గాటు పెట్టిన కాయ చేదెందుకు అవుతుంది?" అన్నాడు ఆయన, వదినకి ఆ మాత్రం తెలియదా అన్నట్టు. "నా నోరే చేదనుకున్నా. రాత్రి సరిగ్గా నిద్ర లేదు, పైత్యం చేసినట్టుంది. ఇంకో గ్లాసు పడితే అదే సర్దుకుంటుంది." అంటూ జారు అందుకుని గ్లాసులోకి వంచాడు.

"కింద పెట్టు. అది విషం."

"నువ్వు చూశావు కదా?"

"చూడలేదు."

"గాటుంది కదా వదినా."

"గాటుంది. నాలుక లేదు," అంది పెద్దమ్మ. అనేశాక గొంతు పెద్దదైంది. "చలికాలంలో జ్వరమొచ్చిన దగ్గర్నుంచీ నాకు రుచి తెలియడం లేదు. ఉప్పు తెలియదు, తీపి తెలియదు, చేదు తెలియదు. ఊరికే కోసి, ఊరికే నమిలి, బూడిద రాసి ఇస్తున్నాను. ఇన్నాళ్ళూ మంచి పాదు కాయలు కాబట్టి సాగింది. ఇది మంచిది కాదు!"

కండక్టరు పకపకా నవ్వాడు. "నీకు రుచి తెలియదా? బాగుంది. బస్సుకి చక్రాల్లేవని చెప్పు, నమ్ముతా." గ్లాసు పెదాల దాకా తీసుకెళ్ళాడు.

పెద్దమ్మ ఆ గ్లాసు లాక్కుంది. ఆయన కళ్ళ ముందే ఒక పుక్కిలి నోట్లో పోసుకుంది. మింగకుండా పట్టుకుని, ఆయన ఎదురుగా వంగి, మొహంలో మొహం పెట్టి నిలబడింది. నుదురు ముడి పడలేదు. కళ్ళు చికిలించలేదు. పెదవి కదల్లేదు. కిటికీలోంచి బయటికి ఉమ్మేసి, "చూశావా నా మొహం?" అంది.

ఆయన చూశాడు. బస్సులో టికెట్టు లేని మనిషిని మొహం చూసి పట్టుకోవడమే బతుకుతెరువుగా బతికినవాడు. ఇందాక తను ముక్కు మూసుకుని మింగినా ఒళ్ళంతా జలదరించింది, అదే రసం ఈ మనిషి నోట్లో మంచినీళ్ళలా ఉండిపోయింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. "వదినా," అన్నాడు, "కడుపులో తిప్పుతోంది. నువ్వొచ్చే ముందు నుంచే తిప్పుతోంది."

గుమ్మంలో టైలరమ్మ ఉంది. తేల్చుకుందామని వెంటపడి వచ్చిన మనిషి, మాటలన్నీ విన్నది. పెద్దమ్మ వెనక్కి తిరిగేసరికి "ఆటో పిలుస్తున్నా" అని వీధిలోకి పరుగెత్తింది.

ఆటో ఎక్కేలోపే కండక్టరుకి వాంతి అయింది. దారిలో ఇంకోసారి, ఆసుపత్రి మెట్ల మీద ఇంకోసారి. ఆ చివరిదాంట్లో ఎర్రటి చార కనిపించింది. పెద్దమ్మ ఆయన తలని రెండు చేతులతో పట్టుకునే ఉంది.

"ఏం తిన్నారు?" అని అడిగింది నర్సు.

"సొరకాయ రసం. పచ్చిది, చేదుది. పెద్ద గ్లాసు నిండా."

"చేదని తెలియలేదా?"

"ఆయనకి తెలిసింది. నేను చూశానని తాగాడు. నేను చూడలేదు." ఆ ముక్క పొల్లు పోకుండా చెప్పింది, మళ్ళీ డాక్టరు వచ్చి అడిగితే మళ్ళీ చెప్పింది. ఇంట్లో నెలలపాటు నోరు దాటని మాట పరాయివాళ్ళ ముందు అరగంటలో రెండుసార్లు వచ్చింది. కండక్టరు చేతికి సెలైను పెట్టారు. బీపీ బాగా పడిపోయిందని ఒకరితో ఒకరు చెప్పుకుంటూ అటూ ఇటూ తిరిగారు. తెర లాగేశారు.

కబురంది బజారు నుంచి అటే వచ్చిన డ్రైవరు బల్ల మీద భార్య పక్కన కూర్చున్నాడు. సంచిలో ఉల్లికాడలు వాడిపోతున్నాయి. "నా నాలుక చచ్చిపోయిందండీ. జ్వరంతోటే పోయింది. మీక్కూడా చెప్పలేదు," అంది ఆవిడ. ఆయన తెర వైపే చూస్తూ, "ముందు వాణ్ణి బయటపడనీ," అన్నాడు. తిట్టి ఉంటే ఆవిడ ప్రాణానికి హాయిగా ఉండేది. కాయ అందిస్తున్నప్పుడు కండక్టరు గాటు మీద బొటనవేలు పెట్టి చూసుకోవడం, తృప్తిగా తల ఊపడం ఆవిడ కళ్ళలోంచి పోవడం లేదు. తెర వెనక డోకు వినిపించినప్పుడల్లా తన కడుపు పట్టుకునేది. వినిపించనప్పుడు ఇంకా భయం వేసేది.

పొద్దు వాలాక డాక్టరు వచ్చి, గండం గడిచింది, ఇంకో గ్లాసు తాగి ఉంటే చెప్పలేకపోయేవాళ్ళం అన్నాడు. లోపలికి పంపారు. కండక్టరు పాలిపోయి, ఉన్నవాడిలో సగమై పడుకుని ఉన్నాడు.

"వదినా," అన్నాడు గుసగుసగా, "నా టికెట్టు చింపేద్దామనుకున్నావు కదూ?"

పెద్దమ్మకి నవ్వు రాలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, జ్వరమొచ్చిన నాటి నుంచీ ఆపుకున్నదంతా అక్కడే ఏడ్చేసింది.

మర్నాడు పొద్దున్నే ఆ పాదు పీకేసింది. స్నానాలగది కప్పెక్కి తీగంతా లాగింది. పిందెల్ని కూడా వదల్లేదు. ఎరువు గుంటలో వేస్తే గింజ మళ్ళీ మొలుస్తుందని గోనెసంచిలో కుక్కి మూతి కట్టేసింది. మంచి పాదు కాయలు అలాగే వేలాడుతున్నాయి. సందులో ఎవరూ అడగలేదు, ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు. నీళ్ళు పట్టే వేళకి టైలరమ్మ గోడ దగ్గర కనిపించింది గానీ మూకుడు సంగతి ఎత్తలేదు, ఎండ ఎక్కువైంది కదా పెద్దమ్మా అని ఊరుకుంది. అలా జాలిగా మాట్లాడించుకోవడం పెద్దమ్మకి అలవాటు లేదు. ముదిరిపోతున్న కాయల్ని చూసుకుంటూ తీగల కింద నిలబడేది. కత్తి చేతిలోనే ఉండేది, కొయ్యబుద్ధి అయ్యేది కాదు.

కండక్టరుని ఆసుపత్రి నుంచి తిన్నగా పెద్దమ్మ ఇంటికే తీసుకొచ్చారు. కొన్నాళ్ళు మెత్తగా, చప్పగా తినాలన్నారు. ఆ మధ్యాహ్నం పెద్దమ్మ ఆయనకి జావ వేరే కాచింది. మిగిలినవాళ్ళకి బెండకాయ కూర చేసింది. తర్వాత మెట్ల కింద నిలబడి "భోజనానికి రావే" అని కేక వేసింది. ఎన్ని నెలలైందో ఆ కేక వేసి. మేడ మీద గిన్నె చప్పుడు ఆగింది. చిన్నకోడలు కొంగుకి చేతులు తుడుచుకుంటూ దిగి వచ్చి తన పాత చోటులో కూర్చుంది.

అందరికీ వడ్డించాక పెద్దమ్మ గరిటె పట్టుకుని నిలబడే ఉంది. వాళ్ళు రెండు ముద్దలు తినే దాకా ఆగింది. ఆ ఇంట్లో ఆవిడ నోట ఎవరూ ఏనాడూ వినని మాట అడిగింది.

"ఉప్పు సరిపోయిందా?"

కండక్టరు తన జావలోకి చూసుకున్నాడు. చిన్నకోడలు పళ్ళెం అంచు మీద వేలు రాస్తూ కూర్చుంది. డ్రైవరు నోట్లో ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"ఎక్కువైంది," అన్నాడు.

"ఇవాళా?"

"జ్వరం తగ్గి నువ్వు లేచిన దగ్గర్నుంచీ."

పెద్దమ్మ గోడకి చేయి ఆనించింది. ఎండలు ముదిరి తాగుతున్నాడనుకున్న మంచినీళ్ళన్నీ గుర్తొచ్చాయి. "ఇన్నాళ్ళూ ఎలా తిన్నారండీ? ఒక్క మాట చెప్పడానికి నోరు లేదా మీకు?"

"మొదట్లో నువ్వు చూసే వేశావనుకున్నా. నువ్వు చూశాక మేం చెప్పేదేముంది అనుకున్నా," అన్నాడు ఆయన. "ఆ తర్వాత ఏదో తేడా ఉందని తెలిసింది. కానీ చెప్పినందుకు చిన్నదానికి ఏమైందో చూశాను కదా."

కండక్టరు కూడా అదే అన్నాడు, నువ్వు చూశావు కదా అని. బయటివాడు నమ్మకం కొద్దీ విషం మింగాడు, ఇంట్లోవాడు భయం కొద్దీ ఉప్పు మింగాడు. రెండూ తన చేతి వడ్డనే. పెద్దమ్మకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి, ఆ సిగ్గు ఆవిడకి తెలిసిన దారిలోనే బయటికొచ్చింది.

"ఎక్కువైతే ఎక్కువైందని చెప్పాలి!" అని అరిచింది. "నేను అరిచినా సరే, గరిటె విసిరినా సరే, చెప్పాలి!"

"అయితే చెబుతున్నా అక్కా," అంది చిన్నకోడలు తలెత్తకుండా. "కూర ఒక్కదాన్లోనే కాదు. నువ్వు ఆయనకి కాచిన జావలో కూడా ఎక్కువైంది. ఇందాక దిగి వస్తూ గిన్నె అంచు నాకి చూశాను."

కండక్టరు చెంచా ఆపి, నిజమేనన్నట్టు దొంగచూపు చూశాడు. పెద్దమ్మ చేతిలో గరిటె పైకి లేచింది. ముగ్గురూ దానికేసే చూశారు. గరిటె కాసేపు అలాగే ఉండి, మెల్లగా దిగింది. పెద్దమ్మ లోపలికి వెళ్ళి, పొయ్యి పక్కన అత్తగారి కాలం నుంచీ కదలని ఉప్పు డబ్బా తీసుకొచ్చి చిన్నకోడలి పళ్ళెం పక్కన పెట్టింది.

"పెరట్లో పాదు మీద కాయలున్నాయి," అంది. "తిన్నాక రా. నేను కోస్తా, నువ్వు చూడు."

చిన్నకోడలు ఎడమ చేత్తో డబ్బాని దగ్గరికి జరుపుకుని, ఉప్పెక్కువైన ఆ కూరే కలుపుకుని తినడం మొదలుపెట్టింది.